పొడవాటి వీల్ స్టడ్లు: ఎవరికి అవసరం, ఏ రకం కొనాలి, ఎంత పొడవు చాలు

కొత్త అల్లాయ్‌లు వేయించాక టైరు లోపలి అంచు స్ట్రట్‌కి (షాక్ అబ్సార్బర్ ఉండే సస్పెన్షన్ కడ్డీకి) రాసుకుంటోందని షాపులో 5 మి.మీ. స్పేసర్ (చక్రానికీ, అది బిగిసే హబ్‌కీ మధ్య పెట్టే బిళ్ల) పెడతారు. నట్లు బిగుస్తాయి, బండి నడుస్తుంది, అందరూ మర్చిపోతారు. ఆ 5 మి.మీ. మాత్రం స్టడ్ (హబ్ నుంచి బయటికి వచ్చి చక్రం నట్టు ఎక్కే మర కడ్డీ) మీద నట్టు పట్టుకోవాల్సిన థ్రెడ్‌లోంచే పోయింది. 1.5 పిచ్ (ఒక చుట్టుకు నట్టు 1.5 మి.మీ. కదిలే) స్టడ్ మీద అది మూడు చుట్లకు పైనే, మారుతీ వాడే 1.25 పిచ్ మీద సరిగ్గా నాలుగు చుట్లు. పొడవాటి స్టడ్ల అవసరం మొదలయ్యేది ఇక్కడే. లుక్కు కోసమో, రేసు కార్లకు ఉంటాయనో వేయించుకుంటే డబ్బు దండగ. పైగా, లేని సమస్యను కొని తెచ్చుకున్నట్టు.

కొనే ముందు చుట్లు లెక్కపెట్టండి

చక్రం హబ్ మీద పెట్టి, స్పేసర్ వేయాలనుకుంటే అది కూడా పెట్టి, ఒక నట్టును చేత్తోనే తిప్పండి. థ్రెడ్ పట్టుకున్న క్షణం నుంచి నట్టు సీటుకు (చక్రం రంధ్రంలో అది కూర్చునే చోటుకు) ఆనేదాకా ఎన్ని పూర్తి చుట్లు తిరిగిందో చూడండి. స్టడ్ వ్యాసం ఎంతో, కనీసం అంత పొడవు థ్రెడ్ నట్టులోకి వెళ్లాలి. ఎం12×1.5, అంటే 12 మి.మీ. వ్యాసం, 1.5 పిచ్ అయితే (హ్యుందాయ్, హోండా, టొయోటా కార్లు) 8 చుట్లు. ఎం12×1.25 అయితే (స్విఫ్ట్, జిమ్నీ వంటి సుజుకీలు) 10 చుట్లు. ఎం14×1.5 అయితే 9.3, అంటే 10 అనుకోండి.

స్విఫ్ట్ మీద బయటి అల్లాయ్ పెట్టారనుకుందాం. స్పేసర్ లేకుండానే 7 చుట్లు వచ్చాయి. 7 × 1.25 = 8.75 మి.మీ. కావాల్సింది 10 చుట్లు, అంటే 12.5. లోటు 3.75. దానికి 5 మి.మీ. స్పేసర్ కలిపితే 8.75. అంటే కంపెనీ స్టడ్ కంటే 10 మి.మీ. పొడవున్నది తీసుకుంటే సరిపోతుంది. 20 మి.మీ. ఎక్కువున్నవి దొరికాయని తెస్తే మిగతా 10 మి.మీ. నట్టు దాటి బయటికి పొడుచుకొస్తుంది. దానివల్ల బలం రవ్వంత కూడా పెరగదు. సెంటర్ క్యాప్ పట్టదు, నట్టు క్యాప్ పట్టదు, బురదలో థ్రెడ్ తుప్పు పడుతుంది. అదే లెక్కలో 10 చుట్లు ముందే వస్తుంటే, స్పేసర్ ఆలోచన లేకపోతే, మీకు ఏమీ అక్కర్లేదు.

నాలుగు దారులు

మొదటిది, స్టడ్లు మార్చకుండా సన్నని స్పేసర్‌తో సరిపెట్టుకోవడం. 3 మి.మీ. దాకా, చుట్ల లెక్క సరిపోతేనే. చుట్లు చాలనప్పుడు కొందరు షాంక్ నట్లు అమ్ముతారు. నట్టు కిందిభాగం గొట్టంలా సాగి చక్రం రంధ్రంలోకి దిగుతుంది కాబట్టి ఎక్కువ థ్రెడ్ పట్టుకుంటుంది. చక్రం రంధ్రం వ్యాసం ఆ గొట్టానికి సరిపోవాలి, గొట్టం కొస డిస్క్‌కో స్పేసర్‌కో ఆనకూడదు. ఆనిందంటే టార్క్ రెంచ్ క్లిక్‌మంటుంది, చక్రం మాత్రం వదులుగానే ఉంటుంది. సరైన జోడీ కుదిరితే ఇదే అన్నిటికన్నా చవక, హబ్ జోలికి వెళ్లే పని కూడా ఉండదు.

రెండోది, కంపెనీ తరహాలోనే వెనకనుంచి నొక్కి బిగించే స్టడ్, పొడవు మాత్రం ఎక్కువ. ఇందులో రెండు తరగతులు. 10.9 గ్రేడ్ స్టడ్లు రోడ్డు బండికి పూర్తిగా చాలు. ఆ గ్రేడ్ ఉక్కు కనీస తన్యత బలం 1040 మెగాపాస్కల్స్. ఎం12×1.5 స్టడ్ మీద సాగిపోకుండా మోయగల బరువు సుమారు 73 కిలోన్యూటన్లు. టొయోటా చెప్పే 103 న్యూటన్ మీటర్ల టార్క్‌కి స్టడ్‌లో పుట్టే బిగువు ఉజ్జాయింపుగా 43 కిలోన్యూటన్లే, అంటే ఒక్కో స్టడ్‌కి నాలుగు టన్నుల పైచిలుకు. ఇంకా చాలా జాగా ఉంది.

రెండో తరగతి ఏఆర్‌పీ (అమెరికా కంపెనీ) లాంటివాళ్లు చేసే 8740 క్రోమ్-మాలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు) స్టడ్లు. బలం 1300 మెగాపాస్కల్స్ దగ్గర. శ్రీపెరంబుదూరు, కోయంబత్తూరు ట్రాకుల మీద ఒకే రోజులో పలుమార్లు చక్రాలు విప్పి బిగించేవాళ్లకు, డిస్కులు మండిపోయేలా బ్రేకులు వాడేవాళ్లకు ఇవి పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి. ఆఫీసుకు వెళ్లొచ్చే బండికి మాత్రం ఒక విషయం తెలిసుండాలి: బలమైన స్టడ్ వేసినంత మాత్రాన అదే టార్క్‌కి పట్టు పెరగదు. పట్టు ఇచ్చేది టార్క్. స్టడ్ గ్రేడ్ చెప్పేది ఎక్కడ తెగుతుందన్నదే.

టైటానియం స్టడ్లు, అల్యూమినియం నట్లు వీధుల్లో తిరిగే బండికి వద్దు. అల్యూమినియం నట్టు థ్రెడ్ పంచరు షాపు గన్ను (నట్లు బిగించే యంత్రం) రెండు దెబ్బలకే పోతుంది.

మూడోది, బోల్టులతో బిగించే కార్లకు స్టడ్ మార్పిడి. పోలో, వెంటో, స్కోడా ర్యాపిడ్ వంటివాటిలో హబ్‌లో థ్రెడ్ ఉంటుంది, ఎం14×1.5 బోల్టు నేరుగా అందులోకి దిగుతుంది. ఇక్కడ స్టడ్‌ను ముందునుంచే హబ్‌లోకి తిప్పి బిగిస్తారు. ప్రెస్సు అక్కర్లేదు, బేరింగ్‌కి ముప్పు లేదు. కానీ నిజంగా కావాలా? 5 మి.మీ. స్పేసర్‌కి 5 మి.మీ. పొడవు ఎక్కువున్న బోల్టులు కొంటే పని అయిపోతుంది. చక్రాలు తరచూ మార్చేవాళ్లకు, రెండు మూడు మందాల స్పేసర్లు మార్చి చూసేవాళ్లకు మాత్రమే స్టడ్లు సుఖం. బోల్టుతో బరువైన చక్రాన్ని గాల్లో పట్టుకుని రంధ్రాలు కలపడం ఒంటరిగా చేసేవాళ్లకే తెలుసు ఆ తిప్పలు.

నాలుగోది, తన సొంత స్టడ్లతో వచ్చే మందపాటి బోల్ట్-ఆన్ స్పేసర్. 20, 25 మి.మీ. నుంచి పైకి. కంపెనీ నట్లతో స్పేసర్‌ను హబ్‌కి బిగించి, స్పేసర్ మీది స్టడ్లకు చక్రాన్ని బిగిస్తారు. జిమ్నీ, ఫార్చ్యూనర్ వంటివాటికి ఇది ఎక్కువగా అమ్ముడుపోతుంది. స్పేసర్ మందం కంపెనీ స్టడ్ పొడవు కంటే తక్కువైతే స్టడ్ కొస బయటికి వచ్చి చక్రం వెనక ముఖానికి తగులుతుంది. చక్రం వెనక గుంతలు లేకపోతే స్టడ్లు కోయాల్సి వస్తుంది, ఆ పని ఒప్పుకోవద్దు. లోపలి నట్లు బిగువు చూడాలంటే ప్రతిసారీ చక్రం విప్పాలన్నది రెండో ఇబ్బంది. ఏ షాపూ ఆ పని చేయదు. కొంటే 6061-టీ6 వంటి ఫోర్జ్‌డ్ అల్యూమినియందే కొనండి, పోతపోసినది కాదు. హబ్ మధ్య రింగుకు, చక్రం మధ్య రంధ్రానికి రెండిటికీ సరిగ్గా కూర్చునేదై ఉండాలి: ఫార్చ్యూనర్‌కి 106.1, జిమ్నీకి 108, పోలోకి 57.1 మి.మీ.

మా మొగ్గు చెప్పాలంటే: 3 మి.మీ. లోపు ఏమీ మార్చొద్దు. 5 నుంచి 15 దాకా 10.9 గ్రేడ్ పొడవు స్టడ్, దాని మీద మామూలు స్పేసర్. 20 దాటితే ఆ స్పేసర్ నిజంగా కావాలా, లేక ఆఫ్‌సెట్ (చక్రం మధ్య గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా దూరం) సరైన చక్రం కొంటే పోతుందా అని ముందు ఆలోచించండి. చక్రం ఒక్కోవైపు 25 మి.మీ. బయటికి జరిగితే బేరింగ్ మీద పడే లాగుడు, స్టీరింగ్ బరువు రెండూ మారతాయి. ఆ తేడా ఏ స్టడ్ సరిచేయదు.

నర్లింగ్ కొలత తప్పితే అన్నీ తప్పే

స్టడ్ తల కింద గీతలు గీతలుగా ఉండే భాగమే, అంటే నర్లింగే, హబ్ రంధ్రంలో తిరగకుండా పట్టుకునేది. దాని వ్యాసం రంధ్రం కంటే 0.1 నుంచి 0.25 మి.మీ. దాకా ఎక్కువ ఉండాలి. ఎం12 అని అడిగి తెచ్చుకుంటే చాలదు. హోండా చిన్న కార్లలో నర్లింగ్ 12.3 మి.మీ. చుట్టూ ఉంటే టొయోటాలో 14.3 చుట్టూ కనిపిస్తుంది. రెండూ ఎం12×1.5 స్టడ్లే. పాత స్టడ్ ఒకటి విప్పి వెర్నియర్‌తో మూడు కొలతలు తీయండి: నర్లింగ్ వ్యాసం, నర్లింగ్ పొడవు, తల మందం.

పొడవు ఎందుకంటే, నర్లింగ్ హబ్ ఫ్లాంజ్ (స్టడ్లు దూరే పళ్లెం లాంటి భాగం) మందం కంటే ఎక్కువుంటే ముందువైపు పొడుచుకొచ్చి డిస్క్ చదునుగా కూర్చోదు. బ్రేకు తొక్కినప్పుడల్లా పెడల్ అదురుతుంది, తప్పు డిస్కుదనుకుని దాన్ని టర్నింగ్‌కి ఇస్తారు. తల మందం ఎక్కువైతే వెనక డస్ట్ కవర్‌కో, ఏబీఎస్ సెన్సర్‌కో, డ్రమ్‌లో బ్రేక్ షూల స్ప్రింగుకో రాసుకుంటుంది.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో తిరిగితే లేత్ మీద స్టడ్ చేసిస్తామనే వాళ్లు ఉంటారు. పనితనం బాగానే ఉంటుంది, లోపం లోహంలో. సాధారణంగా దొరికే ఈఎన్8 (మధ్యస్థ కార్బన్ ఉక్కు) కడ్డీ, వేడి చికిత్స లేకుండా, 10.9 గ్రేడ్ బలంలో సగం చుట్టుపక్కలే ఉంటుంది. పైగా లేత్ మీద థ్రెడ్‌ను కోస్తారు. ఫ్యాక్టరీలో థ్రెడ్‌ను రోలర్ల మధ్య నొక్కి తీస్తారు కాబట్టి లోహం తెగకుండా ఒత్తుకుని, థ్రెడ్ వేరు దగ్గర పగుళ్లు పుట్టడం తగ్గుతుంది. వీల్ స్టడ్ ఒక్కసారిగా తెగేది అరుదు. రోజూ కొంచెం కొంచెం వంగి అలసిపోయి, నట్టు మొదటి థ్రెడ్ దగ్గర తెగుతుంది. కోసిన థ్రెడ్ అక్కడే ముందు ఓడిపోతుంది. తల మీద 10.9 ముద్ర, తయారీదారు గుర్తు లేని స్టడ్ కొనకండి. 12.9 గ్రేడ్, అంటే ఇంకా గట్టి స్టడ్‌కి మళ్లీ జింక్ పూత వేయించడమూ వద్దు. పూతలో చేరే హైడ్రోజన్ అంత గట్టి ఉక్కును పెళుసు చేస్తుంది, బిగించి ఉంచిన స్టడ్ కొన్ని గంటల తర్వాత, కొన్ని రోజుల తర్వాత దానంతటదే తెగవచ్చు.

వేసే విధానం

చక్రం పక్కన స్టాండ్ పెట్టండి, జాకీ ఒక్కదాని మీద ఆధారపడొద్దు. కాలిపర్ బోల్టులు విప్పి, కాలిపర్‌ను స్ట్రట్‌కి తీగతో వేలాడదీయండి. బ్రేక్ గొట్టం మీద దాని బరువు పడకూడదు. డిస్క్ తీస్తే హబ్ ఫ్లాంజ్ కనిపిస్తుంది. ఇప్పుడు స్టడ్ వెనక్కి జారేందుకు నకిల్‌కీ (హబ్, బేరింగ్‌ను పట్టుకునే సస్పెన్షన్ భాగం) ఫ్లాంజ్‌కీ మధ్య ఎక్కడ ఎక్కువ ఖాళీ ఉందో హబ్ తిప్పి చూడండి. చాలా కార్లలో డస్ట్ కవర్ దగ్గర ఒక చోట మాత్రమే ఉంటుంది.

ఇక్కడే పొడవు స్టడ్ల అసలు చిక్కు ఎదురవుతుంది. పాత పొట్టి స్టడ్ ఆ ఖాళీలోంచి వచ్చేస్తుంది, కొత్తది 10 మి.మీ. పొడవు కాబట్టి దూరదు. కొన్నిట్లో డస్ట్ కవర్ అంచు కొంచెం వంచితే చాలు. కొన్నిట్లో హబ్‌నే విప్పాలి. హబ్‌ను బేరింగ్ లోంచి నొక్కి తీస్తే బేరింగ్ లోపలి రింగు విడిపోయి పనికి రాకుండా పోతుంది. అప్పుడు స్టడ్ల ఖర్చుకు బేరింగుల ఖర్చు, ప్రెస్సు కూలీ కలపండి. కొనే ముందే పాత స్టడ్ ఒకటి వెనక్కి జరిపి చూసుకుంటే ఈ లెక్క ముందుగానే తెలుస్తుంది. వెనక డ్రమ్ముల దగ్గర ఇంకో సంగతి ఉంది: కొన్ని మారుతీ చిన్న కార్లలో డ్రమ్ము, హబ్ ఒకే ముక్క. డ్రమ్ము మొత్తం విప్పి బల్ల మీద పెట్టుకుని పని చేసుకోవచ్చు, ముందువైపు కంటే తేలిక.

పాత స్టడ్ తీయడానికి సుత్తితో కొట్టడం అందరూ చేసేదే. హబ్ బండి మీదే ఉంటే ఆ దెబ్బలన్నీ బేరింగ్ గోళీల మీద పడి ట్రాకులో సొట్టలు పడతాయి. వెంటనే ఏమీ తెలియదు. కొంతకాలానికి 60 దాటితే గుయ్యిమని మోగడం మొదలవుతుంది. బాల్ జాయింట్ ప్రెస్, సి-క్లాంప్ వాడితే ఈ గొడవ ఉండదు.

కొత్త స్టడ్‌ను వెనకనుంచి దూర్చి, నర్లింగ్ గీతలు పాత గీతలతో కలిసేలా కొద్దిగా తిప్పి కూర్చోబెట్టండి. ముందువైపు లోపలి వ్యాసం పెద్దగా ఉన్న ఒక మందపాటి వాషర్ (నర్లింగ్ ముందుకొస్తే అందులోకి దిగేలా), దాని మీద మూడు నాలుగు మామూలు వాషర్లు, మధ్యలో కొంచెం గ్రీజు. ఆ పైన తెరిచిన కొన ఉన్న పాత నట్టును చదును వైపు వాషర్‌కి ఆనేలా తిరగేసి పెట్టి, పొడవైన పానాతో మెల్లగా లాగండి. గన్ను వాడొద్దు. గన్ను దెబ్బలకు థ్రెడ్ సాగుతుంది, తల పూర్తిగా కూర్చుందో లేదో చేతికి తెలియదు. చేత్తో లాగితే మొదట ఒకే బరువుతో వస్తూ, తల ఫ్లాంజ్‌కి ఆనగానే పానా హఠాత్తుగా గట్టిపడుతుంది. వెనకనుంచి టార్చి వేసి, తల కింద సందు లేదని చూసుకోండి. బ్లేడు కూడా దూరకూడదు. లాగడానికి వాడిన నట్టును పారేయండి, దాన్ని చక్రానికి వాడొద్దు.

స్టడ్ ఏ శ్రమా లేకుండా లోపలికి వచ్చేసిందంటే రంధ్రం పెద్దదైపోయిందనో, నర్లింగ్ చిన్నదనో అర్థం. ఒక చుక్క వెల్డింగ్ వేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. ఆ చుక్క వేడికి స్టడ్ వేడి చికిత్స పోతుంది, పక్కన పెళుసుదనం వస్తుంది. అలాంటప్పుడు నర్లింగ్ సరిపోయే స్టడ్ వెతకాలి, రంధ్రమే అరిగిపోతే హబ్ మార్చాలి.

బోల్టు కార్లలో అయితే హబ్ థ్రెడ్‌ను బ్రష్‌తో, క్లీనర్‌తో శుభ్రం చేసి, స్టడ్ ప్యాకెట్‌లో చెప్పిన థ్రెడ్ లాకర్ వేసి, చెప్పిన టార్క్‌కే బిగించండి. ఫ్లాంజ్ మందమంతా థ్రెడ్ పట్టాలి, వెనక మాత్రం నకిల్‌కో హ్యాండ్ బ్రేక్ భాగాలకో తగిలేంత పొడుచుకు రాకూడదు. చేత్తో ఒక పూర్తి చుట్టు చక్రాన్ని తిప్పి చూడండి, ఎక్కడా రాసుకునే చప్పుడు ఉండకూడదు.

నట్టు గురించి ఎవరూ చెప్పనిది

పొడవు స్టడ్ వేశాక పాత మూసిన నట్లే, అంటే కొస మూసుకుపోయి టోపీలా ఉండేవే, వాడితే ప్రమాదం మొదలవుతుంది. స్టడ్ కొస నట్టు లోపలి పైకప్పుకు తగిలి ఆగుతుంది. టార్క్ రెంచ్‌కి ఆ ఆగడమే కనిపిస్తుంది, క్లిక్‌మంటుంది. చక్రం, హబ్ మధ్య మాత్రం బిగువు ఉండదు.

దీన్ని పట్టుకోవడం తేలికే. చక్రం లేకుండా నట్టును స్టడ్ మీద చేత్తో తిప్పి, ఎన్ని చుట్లకు ఆగుతుందో చూడండి. చక్రంతో వచ్చే చుట్ల కంటే ఇది కనీసం రెండు మూడు ఎక్కువ ఉండాలి. సందేహమే వద్దనుకుంటే రెండు వైపులా తెరిచిన ఉక్కు నట్లు కొనండి.

స్టెప్నీ సంగతి ఇంకా ముఖ్యం. అల్లాయ్‌లో నట్టు కూర్చునే చోట మందం 10 మి.మీ. పైన ఉంటుంది. స్టెప్నీగా ఉండే ఇనప రిమ్ము మందం 4, 5 మి.మీ. మాత్రమే. అల్లాయ్ మీద బాగా బిగిసిన మూసిన నట్టు, రాత్రిపూట హైవే మీద పంచరై స్టెప్నీ వేసినప్పుడు స్టడ్ కొసకు తగిలి ఆగిపోతుంది. డిక్కీలో ఒక సెట్టు తెరిచిన నట్లు ఉంచుకోండి, ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి స్టెప్నీ బిగించి చూసుకోండి.

సీటు ఆకారం కూడా చూడాలి. బయటి అల్లాయ్‌లకు ఎక్కువగా 60 డిగ్రీల కోన్ సీటు. హోండా కంపెనీ చక్రాలకు, ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ చక్రాలకు గుండ్రటి బాల్ సీటు. టొయోటా కంపెనీ అల్లాయ్‌లు కొన్నింటికి చదునైన వాషర్ సీటు. కోన్ నట్టును బాల్ సీటులో బిగిస్తే ఒక సన్నని గీత మీదే ఆనుతుంది, అక్కడ అల్యూమినియం నలిగిపోయి, నాలుగు రోజులకు నట్టు వదులవుతుంది.

బిగించేటప్పుడు

హబ్ ముఖం, డిస్క్ ముఖం, స్పేసర్ రెండు ముఖాలు, చక్రం వెనక ముఖం, అన్నీ వైరు బ్రష్‌తో తుప్పు, పెయింట్ లేకుండా గీరాలి. అల్లాయ్‌లకు కొత్తగా పౌడర్ కోటింగ్ చేయించినవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆ పూత హబ్‌కి ఆనే చోట, నట్టు కూర్చునే చోట కూడా పడుతుంది, కొన్ని రోజుల్లో నలిగి పలుచబడుతుంది. పూత పలుచబడినంత మేరా స్టడ్ సాగుదల తగ్గి, బిగువు పోతుంది. చక్రం బరువును మోసేది స్టడ్ల అడ్డు బలం అనుకుంటారు చాలామంది. నిజానికి ఆ నాలుగైదు స్టడ్ల బిగువు వల్ల హబ్, చక్రం మధ్య పుట్టే రాపిడే బరువంతా మోస్తుంది. రాపిడి జారిన రోజున స్టడ్లు వంగడం మొదలవుతుంది, ఎంత ఖరీదైన స్టడ్ అయినా.

థ్రెడ్ మీద నూనె, గ్రీజు వద్దు. కారు పుస్తకంలోని టార్క్ పొడి థ్రెడ్ కోసం ఇచ్చింది. నూనె రాస్తే అదే టార్క్‌కి బిగువు మూడో వంతు దాకా పెరగవచ్చు. టొయోటాకు 103, హోండాకు 108, పోలోకి 120 న్యూటన్ మీటర్లు, మీ కారు అంకె మీ పుస్తకంలో చూసుకోండి. ఎదురెదురు నట్లు మార్చి మార్చి, మొదట సగం టార్క్‌కి, తర్వాత పూర్తిగా. 80 నుంచి 100 కి.మీ. నడిచాక, చక్రం చల్లారాక, మళ్లీ టార్క్ రెంచ్ పెట్టండి. నట్టు ఏ మాత్రం తిరిగినా ఇంకో 100 కి.మీ. తర్వాత మరోసారి. రెండోసారీ అదే నట్టు తిరిగిందంటే చక్రం విప్పాల్సిందే: స్టడ్ తల పూర్తిగా కూర్చుని ఉండదు, లేదా సీటు తప్పు.

ఒక స్టడ్ తెగితే పక్కవి రెండూ కూడా మార్చండి. తెగినది పనిచేయని రోజుల్లో బరువు మోసింది అవే.

చట్టం వైపు నుంచి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. స్టడ్ పొడవు బయటికి కనిపించదు కానీ ఫెండర్ దాటి వచ్చిన టైరు అందరికీ కనిపిస్తుంది, బీమా సర్వేయర్‌కి కూడా. 25 మి.మీ. స్పేసర్ల దగ్గర ఆగి ఆలోచించమన్నది ఇందుకు కూడా.